కార్తీకంలో తలకోన: చెన్నై నుంచి ఒక్క రోజులో, పెద్దవాళ్లతో వెళ్లి రావచ్చా?

పెరంబూర్ పద్మ

అందరికీ నమస్కారం. ఈ కార్తీకంలో ఒక ఆదివారం తిరుపతి దగ్గరి తలకోన జలపాతానికి వెళ్దామని ఇంట్లో అనుకుంటున్నాం. మా అత్తగారూ మామగారూ ఇద్దరికీ డెబ్బై దగ్గర పడ్డాయి. అత్తగారికి మోకాళ్ల నొప్పులు, మెట్లు దిగాలంటే భయం. పిల్లలు ఇద్దరు, చిన్నదానికి ఆరేళ్లు. జలపాతం కింద తడవాలని పిల్లల సరదా. అడవిలో ఉసిరి చెట్టు కింద వండుకుని నలుగురం కలిసి తినాలని అత్తగారి కోరిక. పెళ్లయి చెన్నై వచ్చిన దగ్గర్నుంచి ఆవిడ సరిగ్గా వనభోజనాలకు వెళ్లిందే లేదట. టెర్రస్ మీద కుండీలో ఉసిరి కొమ్మ గుచ్చి, దాని పక్కన పులిహోర పెట్టుకుని కానిచ్చేస్తుంటాం.

మా వారి ప్లాన్ ఇది. పొద్దున ఆరింటికి కారులో బయల్దేరి పదింటికల్లా తలకోన. స్నానాలు, వంట, భోజనం. మూడింటికి తిరుపతి వచ్చి కొండ ఎక్కి దర్శనం చేసుకుని రాత్రికి తిరుగు ప్రయాణం. ఇది అయ్యే పనేనా? వెళ్లినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

వేళచ్చేరి వాసు

పద్మ గారూ, ముందు దూరం సంగతి చూద్దాం. చెన్నై నుంచి తలకోన దాదాపు 200 కిలోమీటర్లు. తిరువళ్లూరు, తిరుత్తణి, నగరి, పుత్తూరు, రేణిగుంట మీదుగా తిరుపతి. ఊళ్లోకి వెళ్లకుండా తిరుచానూరు బైపాస్ పట్టుకుని చంద్రగిరి దాటాలి. మదనపల్లె రోడ్డు మీద ఘాట్ ఎక్కి దిగితే భాకరాపేట. అక్కడ మెయిన్ రోడ్డు వదిలి నెరబైలు దారి. తిరుపతి నుంచే అరవై కిలోమీటర్లకు కాస్త తక్కువ. అందులో ఘాట్ ఉంది, పల్లెల రోడ్డు ఉంది, కాబట్టి గంటన్నర తప్పదు.

మధ్యలో టిఫిన్‌కి ఆగారంటే మొత్తం ఐదు గంటలు వేసుకోండి. ఆరింటికి బయల్దేరితే ఆదివారం తిరువళ్లూరు దాటేసరికే ట్రాఫిక్ పట్టుకుంటుంది, తలకోన చేరేసరికి పదకొండు దాటుతుంది. నాలుగింటికి బయల్దేరండి. పిల్లల్ని నిద్రలోనే కారు ఎక్కిస్తే తిరుత్తణి దాటాక లేస్తారు.

అన్నానగర్ లక్ష్మి

దర్శనం మాట మాత్రం ఈ ట్రిప్పులో మర్చిపో పద్మా. మూడు వందల టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకున్నా, అలిపిరి చెకింగ్, ఘాట్ రోడ్డు, క్యూ, లడ్డూ కౌంటర్ అన్నీ కలిపితే సగం రోజు అక్కడే పోతుంది. పొద్దున నాలుగింటికి లేచిన పెద్దవాళ్లు, తడిసి అలసిపోయిన పిల్లలు, సాయంత్రం క్యూలో గంటలు గంటలు నిలబడగలరా? స్వామిని చూడ్డానికి ఒక రోజు విడిగా పెట్టుకో, ప్రశాంతంగా ఉంటుంది. రెండూ ఒక రోజులో కుక్కితే రెండూ దక్కవు.

మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్ల గురించి కూడా చెప్పాలి. తలకోనలో కారు దిగిన చోటే జలపాతం ఉండదు. సిద్ధేశ్వరస్వామి గుడి దాకా బండి వెళ్తుంది. అక్కడి నుంచి అడవిలో నడక. కొంత దూరం మెట్లు, కొంత దూరం రాళ్లూ వేళ్లూ. ఎక్కడం కంటే దిగడమే మోకాలికి ఎక్కువ బాధ. మా అమ్మని తీసుకెళ్లినప్పుడు చేతికర్ర, మోకాలి బెల్టు ఉన్నా సగం దారిలో కూర్చుండిపోయింది. మీ అత్తగారిని జలపాతం దాకా తీసుకెళ్లి తీరాలని పట్టు పట్టొద్దు. గుడి దగ్గర వాగు పారుతుంది, నీడ ఉంటుంది. ఆవిడకి ఆ చోటే హాయి.

భాకరాపేట బిడ్డ

పద్మక్కా, మాది భాకరాపేట పక్కనే. ఉద్యోగం అంబత్తూరులో. పండగా పబ్బానికి ఊరికి పోయినప్పుడల్లా తలకోన పోయి వస్తాను. అందుకే కొంచెం గట్టిగా చెప్తా, ఏమీ అనుకోవద్దు.

వంట కుదరదు. తలకోన ఉండేది శ్రీవేంకటేశ్వర నేషనల్ పార్కులో. 1989లో నేషనల్ పార్కు చేశారు. అభయారణ్యం కంటే నేషనల్ పార్కుకు కట్టుబాట్లు ఎక్కువ, పశువుల్ని మేపడానికి కూడా ఒప్పుకోరు. అట్లాంటి చోట పొయ్యి వెలిగిస్తామంటే ఎవరూ ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. కార్తీకంలో పైకి పచ్చగా కనపడినా కింద ఎండుగడ్డి, వెదురాకు ఉంటుంది. గ్యాస్ స్టవ్ తెచ్చుకున్నాం, కట్టెలు వాడం అని కొందరు వాదిస్తారు. నిప్పు నిప్పే కదక్కా.

ఇంట్లో వండుకుని తీసుకురండి. పులిహోర, దద్దోజనం, చపాతీలు, ఏదైనా వేపుడు చాలు. స్టీలు క్యారియర్‌లో పెట్టుకోండి, క్లిప్పులు గట్టిగా ఉండాల. ప్లాస్టిక్ కవరు చేతిలో కనపడిందంటే కోతులు వచ్చేస్తాయి. వాటికి కవరంటే తిండి అని అలవాటు చేసింది మనమే. చిన్నపిల్ల చేతిలో బిస్కెట్ ప్యాకెట్ మాత్రం పెట్టొద్దు, పెద్ద కోతి మీదికొచ్చి లాక్కుంటే గోరు గీరుకుంటుంది, ఆ పైన ఇంజెక్షన్ల కోసం తిరగాల. విస్తరాకులు తెచ్చుకుంటే తిన్నాక వాటినీ సంచిలో వేసుకుని వెనక్కి తీసుకుపోండి. ఆకే కదా అని అక్కడ పడేస్తే మెతుకుల కోసం కోతులూ పందులూ చేరతాయి.

ఉసిరి చెట్టు సంగతి అంటారా, ఆ అడవిలో ఉసిరి చెట్లకు కొదవ లేదు. అత్తగారికి చూపించండి, దండం పెట్టుకుంటారు. కొమ్మ మాత్రం విరవొద్దు.

పెరంబూర్ పద్మ

అందరికీ థాంక్స్. దర్శనం తీసేశాం. వంట గురించి అత్తగారికి మెల్లగా చెప్పాను. "అడవి నియమం అదైతే అట్లాగే చేద్దాం, తినడం ముఖ్యం గానీ పొయ్యి కాదుగా" అన్నారు. ఇక నీళ్ల గురించి చెప్పండి. నవంబరులో జలపాతం ఎలా ఉంటుంది? పిల్లల్ని తడవనివ్వచ్చా?

ఓఎంఆర్ కుర్రాడు

మేమూ వచ్చే వారం బైకుల మీద వెళ్తున్నాం, ఆఫీసు బ్యాచ్. జలపాతం పైదాకా ఎక్కే దారి ఉందని వీడియోలో చూశాను. పైన గుంటలు ఉన్నాయట, అక్కడి నుంచి కిందికి దూకొచ్చా? లోతు ఎంత ఉంటుంది?

భాకరాపేట బిడ్డ

తమ్ముడూ, దూకడం అనే మాటే వద్దు. తలకోన ఎత్తు 270 అడుగులు, ఆంధ్రప్రదేశ్‌లో అన్నిటికంటే ఎత్తైన జలపాతం. కింద గుండంలో నీళ్లు నల్లగా కనపడితే లోతు ఉందనుకుంటారు. ఆ నలుపు రాయిది. ఒక చోట మెడ లోతు ఉంటే, దానికి రెండడుగుల అవతల మోకాలి లోతులో బండ ఉంటుంది. పోయిన ఏడు లోతున్న చోట ఈ ఏడు వరదకు కొట్టుకొచ్చిన రాయి కూర్చుని ఉంటుంది. బండల సందున ఇరుక్కుని ఊపిరాడక పోయిన పిల్లల్ని మా ఊరోళ్లు తాళ్లు కట్టి బయటికి తీశారు. పోయినవాళ్లలో ఈత వచ్చినవాళ్లే ఎక్కువ. దిగాలనుకుంటే అనుమతించిన చోట, కాళ్లతో తడుముకుంటూ దిగు.

పైకి ఎక్కడం కూడా గార్డు వద్దంటే వద్దు. పాచి పట్టిన బండ మీద నీళ్లు పలచగా పారుతుంటే ఎంత మంచి బూటైనా జారుతుంది. అక్కడ కాలు విరిగితే డోలీ కట్టి నలుగురు మోసుకుని కిందికి తేవాలి, ఆ పైన తిరుపతి ఆసుపత్రి దాకా ఘాట్ రోడ్డు. నీ వయసు పిల్లలంటే నాకు ప్రేమ, అందుకే ఇంత చెప్తున్నా.

ఓఎంఆర్ కుర్రాడు

సరే అన్నా. దూకం. మా వాళ్లకి నీ పోస్టు చూపించాను.

వేళచ్చేరి వాసు

పద్మ గారు అడిగిన నవంబరు నీళ్ల గురించి నాకు తెలిసినది. తలకోనకు వాన రెండు విడతల్లో వస్తుంది. జూలై నుంచి సెప్టెంబరు దాకా కొంత, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన. ఈ రెండోది బంగాళాఖాతంలో వాయుగుండాలతో వచ్చేది, చెన్నైని ముంచేదీ అదే. అందువల్ల మనకి ఒక సులువైన లెక్క ఉంది. చెన్నైలోనో తిరువళ్లూరు జిల్లాలోనో వాన అని స్కూళ్లకి సెలవు ఇచ్చారంటే, ఆ వారం తలకోన మాట ఎత్తొద్దు. అదే మేఘం ఒక రోజు అటూ ఇటూగా తలకోన ఉన్న శేషాచలం కొండల మీద కురుస్తుంది. 2021 నవంబరులో తిరుపతి ఎలా మునిగిందో చూశాం కదా. అట్లాంటప్పుడు అటవీ శాఖ గేటు మూసేస్తుంది. మూయకపోయినా జలపాతం దగ్గరికి వదలరు.

పెద్ద వాన తగ్గాక మూడు నాలుగు రోజులు ఎండ కాసిన తర్వాత వెళ్తే నీళ్లు తేటగా, ధార నిండుగా ఉంటుంది. డిసెంబరు చివర, జనవరి కూడా బాగుంటుంది. మార్చి దాటితే ధార సన్నబడిపోతుంది, మే నెలలో వెళ్లి ఇంతేనా అని తిట్టుకుంటూ వచ్చినవాళ్లు నాకు తెలుసు.

ఇంకొకటి. పురట్టాసి నెలలో, అంటే సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా, శనాదివారాలు ఈ రోడ్డు ఎక్కొద్దు. తమిళనాడు మొత్తం తిరుమలకి కదులుతుంది. పాదయాత్ర చేసేవాళ్లు రోడ్డు పక్కనే నడుస్తుంటారు, తెల్లవారుజామున చీకట్లో కనపడరు.

భాకరాపేట బిడ్డ

వాసన్న చెప్పిన లెక్క నిజం. నేను ఇంకొంచెం దగ్గరి సంగతి చెప్తా, పిల్లల్ని తీసుకుపోయేవాళ్లు మనసులో పెట్టుకోండి. మీరు కింద నిలబడ్డ చోట ఎండ కాస్తా ఉండొచ్చు, పైన కొండ మీద ఎక్కడో వాన పడతా ఉండొచ్చు. ఆ నీళ్లు వచ్చేముందు గుర్తులు ఉంటాయి. తేటగా ఉన్న నీళ్లు టీ రంగుకు తిరుగుతాయి. ఎండుటాకులు, పుల్లలు గుంపుగా కొట్టుకొస్తాయి. అంచుల్లో నురగ కడుతుంది. అంతకుముందు పొడిగా ఉన్న బండ తడుస్తుంది. ఈ నాలుగింట్లో ఒక్కటి కనపడినా తువ్వాళ్లు, చెప్పులు అని చూడకుండా పిల్లల్ని ఎత్తుకుని పైకి వచ్చేయాల. అక్కడుండే వన సంరక్షణ సమితి వాళ్లు విజిల్ వేస్తే అది మర్యాదకు వేసేది కాదు, వెంటనే కదలాల. వాళ్లు మా చుట్టుపక్కల ఊళ్లోళ్లే, ఆ వాగును పుట్టినప్పటి నుంచీ చూస్తున్నారు.

విల్లివాక్కం విశ్వం

కారు లేనివాళ్ల కోసం రాస్తున్నా. సప్తగిరి ఎక్స్‌ప్రెస్ పొద్దున సెంట్రల్‌లో బయల్దేరి అరక్కోణం మీదుగా తిరుపతి వెళ్తుంది, మూడు గంటల పైచిలుకు ప్రయాణం. సాయంత్రం తిరుపతిలో తిరుగు రైలు. ఆ మధ్యలో తలకోన వెళ్లి రావాలంటే స్టేషన్ దగ్గరే టాక్సీ మాట్లాడుకోవడం ఒక్కటే దారి. బస్సుల్లో కూడా పోవచ్చు. తిరుపతి బస్టాండ్‌లో పీలేరు వైపు వెళ్లే బస్సు ఎక్కి భాకరాపేటలో దిగి అక్కడ ఆటో పట్టుకుంటారు. కానీ ఒక్క రోజు ట్రిప్పుకి అది కుదిరే లెక్క కాదు, తిరుగు బస్సు టెన్షన్‌తోనే సరిపోతుంది. ఒక రాత్రి తిరుపతిలో ఉండేవాళ్లకైతే బస్సు బాగానే ఉంటుంది. చెన్నైలో ఆంధ్రా బస్సులు మాధవరం టెర్మినల్ నుంచి అని కొత్తవాళ్లు గుర్తుంచుకోండి. ఇప్పటికీ కోయంబేడు వెళ్లి వెతుక్కునేవాళ్లు ఉన్నారు.

తొండయార్‌పేట టీచర్

అందరూ రోడ్లూ నీళ్లూ చెప్పారు, నాది చిన్న మనవి. దారిలో చంద్రగిరి వస్తుంది. తిరుగు ప్రయాణంలో ఒక అరగంట మిగిలితే కోట దగ్గర ఆగండి. విజయనగర రాజుల చివరి రాజధానుల్లో అదొకటి. రాజమహల్లో మ్యూజియం ఉంది, శుక్రవారం సెలవు. 1639లో ఈస్టిండియా కంపెనీకి మన చెన్నైలో సముద్రపొడ్డున స్థలం ఇచ్చింది దామెర్ల వేంకటాద్రి నాయకుడు. ఆయన చంద్రగిరిని ఏలిన పెద వేంకటరాయల కింద నాయకుడు. వేంకటాద్రి తండ్రి చెన్నప్ప నాయకుడి పేరు మీదే చెన్నపట్నం అయింది. మనం ఉంటున్న ఊరికీ ఆ కోటకీ ఇంత దగ్గరి చుట్టరికం. పెద్ద బాబుకి చెప్పండి, క్లాసులో ఈ సంగతి వాళ్లకి చెప్పరు.

అన్నానగర్ లక్ష్మి

టీచర్ గారూ, చెప్పింది బాగుంది గానీ, పెద్దవాళ్లతో ఉన్నప్పుడు తిరుగు ప్రయాణంలో ఆగడం కుదరదేమో. నా లెక్క ఒకటే. చీకటి పడకముందు భాకరాపేట ఘాట్ దిగేయాలి. 2022 మార్చిలో నిశ్చితార్థానికి ధర్మవరం నుంచి వస్తున్న బస్సు ఆ ఘాట్లోనే రాత్రి పూట లోయలో పడింది. తర్వాతి రోజుల్లో పేపర్లు చదవలేకపోయాం. ఆ మలుపులు తెలియని డ్రైవర్‌కి పగలే కష్టం. నవంబరులో ఐదున్నర దాటితే చీకటే. రెండున్నరకి, మరీ ఆలస్యమైతే మూడింటికి తలకోన గేటు దాటి బయటికి వచ్చేయాలి. కోట ఎప్పుడైనా చూడొచ్చు.

తొండయార్‌పేట టీచర్

మీరు చెప్పింది సబబే లక్ష్మి గారూ. పొద్దున వెళ్లేటప్పుడు కోట తెరవరు కాబట్టి ఈ ట్రిప్పుకి వదిలేయడమే మంచిది.

ఆవడి పక్షిప్రేమి

ఇంతసేపూ మాట్లాడకుండా చదువుతున్నాను. నాది ఒక్కటే బాధ. తలకోన అంటే అందరికీ నీళ్లు పడే చోటు మాత్రమే. గుడి దగ్గర నుంచి జలపాతం దాకా నడిచే దారే నాకు అసలు తలకోన. శేషాచలం 2010లో బయోస్ఫియర్ రిజర్వు, అంటే జీవావరణ రక్షిత ప్రాంతం అయింది, ఆంధ్రప్రదేశ్‌లో మొదటిది అదే. దేవాంగపిల్లి, బెట్టుడుత అనే పెద్ద ఉడుత, కొండగొర్రె, చిరుత, ఏనుగు అన్నీ ఆ కొండల్లో ఉన్నాయి. బంగారు బల్లి అని ఒకటి ఉంది. చల్లగా చెమ్మగా ఉండే రాతి సందుల్లో ఉంటుంది, తూర్పు కనుమల్లో తప్ప పెద్దగా కనపడదు. రాతి చీలికల్లోకి చెయ్యి పెట్టకుండా ఊరికే తొంగి చూడమని పిల్లలకి చెప్పండి.

దారిలో గిల్లతీగ కనపడుతుంది. మనిషి తొడంత లావు తీగలు చెట్ల మీదుగా మెలికలు తిరిగి పోతుంటాయి. దాని కాయలు మూరెడు పైనే. ఇక ఎర్రచందనం. బెరడు నల్లగా, పలకలు పలకలుగా పగిలి మొసలి వీపులా ఉంటుంది. ఆ చెట్టు ప్రపంచంలో సహజంగా పెరిగేది ఈ చుట్టుపక్కల కొండల్లోనే, శేషాచలం, వెలిగొండ, నల్లమల దక్షిణ భాగం. దాన్ని నరికి ఓడలెక్కించే దొంగల వల్ల అడవి ఎంత నష్టపోయిందో తిరుపతి వాళ్లకి తెలుసు. దారిలో చెక్‌పోస్టుల్లో కారు ఆపి డిక్కీ తెరవమంటారు, విసుక్కోకుండా తెరవండి. పిల్లలు సరదాకి ఏరిన పుల్ల కూడా కారులో ఉంచొద్దు.

పక్షులు చూడాలంటే తొమ్మిది లోపే. జనం పెరిగి పాటలు పెట్టడం మొదలుపెట్టాక పికిలిపిట్ట కూడా ఉండదు. దయచేసి బ్లూటూత్ స్పీకర్లు తీసుకెళ్లకండి. నీళ్ల చప్పుడు వినడానికేగా అంత దూరం పోయేది. కొండ చరియల కింద తేనెపట్లు ఉంటాయి. సిగరెట్ పొగ, గట్టి సెంటు వాటికి పడవు.

మళ్లీ చెప్తున్నా, దారి వదిలి అడవిలోకి వెళ్లకండి. 2025 శివరాత్రికి ముందు వై.కోట వైపు నుంచి రాత్రిపూట అడవి దారిన తలకోనకు నడిచి వస్తున్న భక్తుల మీద గుండాలకోన దగ్గర ఏనుగులు పడ్డాయి, ప్రాణాలు పోయాయి. పగలు గుడి వైపు జనం తిరిగే దారిలో భయపడాల్సిన పని లేదు. చీకట్లో, పక్కదారుల్లో మాత్రం అది వాటి ఇల్లు.

విల్లివాక్కం విశ్వం

రోప్ వాక్ ఉందని విన్నాను, చెట్ల మీదుగా తాళ్ల వంతెన. పిల్లలకి బాగుంటుందా?

భాకరాపేట బిడ్డ

ఉంది. చెట్ల నడుమ 240 మీటర్ల పొడవున కట్టారు, నలభై అడుగుల దాకా ఎత్తు. నడుస్తున్నదా లేదా అనేది ఆ రోజు గేటు దగ్గర అడిగి చూసుకోండి. వానా కాలంలో, రిపేర్లప్పుడు ఆపేస్తారు. ఆరేళ్ల పాపను ఎక్కించొద్దు. పెద్దోడిని వాళ్ల నాన్న వెంట పంపొచ్చు.

అత్తగారు ఎక్కువ తిరగలేరంటే ఇంకో మాట చెప్తా. ఒకవేళ ఆ వారం వాన పడి తలకోన మూసేస్తే ట్రిప్పు మొత్తం మానేయాల్సిన పని లేదు. ఊత్తుకోట మీదుగా నాగలాపురం, నారాయణవనం దారిలో కైలాసకోన ఉంది. చిన్న జలపాతం, నలభై అడుగుల ఎత్తు ఉంటుంది, ఏడాది పొడుగునా నీళ్లు. చెన్నైకి తలకోనలో సగం దూరమే. అది నేషనల్ పార్కులో లేదు, తలకోన అడవి అందం దానికి రాదు. కానీ పెద్దోళ్లకు తేలిక. దారిలో సురుటుపల్లిలో శివుడు పడుకుని ఉండే గుడి ఉంది, కార్తీకానికి సరిపోతుంది. గట్టి వాన రోజు మాత్రం అక్కడికీ పోవద్దు.

పెరంబూర్ పద్మ

ఇంత ఓపికగా చెప్పినందుకు అందరికీ నమస్కారాలు. ఇప్పుడు మా ప్లాన్ మారింది. నాలుగింటికి బయల్దేరుతున్నాం. సోమవారం గుడికి జనం ఎక్కువ వస్తారని ఆదివారమే ఖాయం చేశాం. అత్తగారూ మామగారూ గుడి దగ్గర ఉంటారు, నేనూ మా వారూ వంతులవారీగా పిల్లల్ని తీసుకెళ్తాం. క్యారియర్లు దించాను. రెండున్నరకి తిరుగు ప్రయాణం. వాన పడితే కైలాసకోన, మరీ ఎక్కువైతే ఇల్లు కదలం.

వేళచ్చేరి వాసు

బాగుంది. తిరుపతి దాటేముందే ట్యాంకు నింపుకోండి. ఫోన్‌లో మ్యాప్ డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, నెరబైలు దాటాక సిగ్నల్ నమ్ముకోవద్దు. కొంత చిల్లర నోట్లు ఉంచండి, గేటు దగ్గర ఫోన్ పే పని చేయకపోతే ఇబ్బంది.

పెరంబూర్ పద్మ

వెళ్లి వచ్చాం. వాయుగుండం వల్ల అనుకున్న వారం కుదర్లేదు, మా పెద్దాడికి స్కూలు సెలవు ఇచ్చారనగానే వాసు గారి లెక్క ప్రకారం వాయిదా వేశాం. తర్వాతి ఆదివారం వెళ్లాం.

ఘాట్ మీద మంచు ఉంది, మెల్లగా నడిపాం. తొమ్మిదిన్నరకి గేటు దగ్గరున్నాం, కార్లు అప్పుడప్పుడే మొదలవుతున్నాయి. గార్డు డిక్కీ చూసి, వాటర్ బాటిళ్లు లెక్కపెట్టి, ఖాళీవి వెనక్కి తెచ్చి చూపించమన్నాడు. ఆ పద్ధతి నాకు చాలా నచ్చింది.

అత్తగారు గుడిలో దీపం పెట్టుకుని వాగు ఒడ్డున బండ మీద కూర్చున్నారు. కాళ్లు నీళ్లలో పెట్టి గంటసేపు కదల్లేదు, చిన్న చేపలు వచ్చి పాదాలు పొడుస్తుంటే చిన్నపిల్లలా నవ్వారు. మోకాళ్ల మాటే ఎత్తలేదు.

జలపాతం దగ్గర ధార నిండుగా ఉంది. కింద నిలబడితే గాలికి తుంపర ముఖానికి సూదుల్లా తగులుతుంది, కళ్లు తెరవలేం. చిన్నది మొదట ఏడ్చింది, తర్వాత రానంది. గుండంలోకి ఎవరినీ దిగనివ్వడం లేదు, అంచున తాడు కట్టారు. తాడుకి ఇవతల మోకాలి లోతులో పిల్లలు తడిశారు. పన్నెండు దాటాక నీళ్లలో ఆకులు రావడం మొదలైంది. భాకరాపేట తమ్ముడు చెప్పిన మాట గుర్తొచ్చి పిల్లల్ని బయటికి తీశాను. ఐదు నిమిషాల్లో విజిల్ వేశారు. నీళ్లు పెద్దగా పెరగలేదు, రంగు మాత్రం మారింది. పక్కనున్న కుటుంబం "ఇంకొంచెం సేపు" అని బతిమాలుతుంటే సమితి పెద్దాయన ఒక్కొక్కరినీ చెయ్యి పట్టుకుని పైకి పంపాడు. ఆయనకి మా ఇంటిల్లిపాదీ దండం పెట్టాం.

భోజనం కారు పార్కింగ్ దగ్గర, గుడికి ఇవతల చేశాం. కోతులు చుట్టూ కూర్చున్నాయి గానీ క్యారియర్ మూత పెట్టి, ఒకళ్లు కర్ర పట్టుకుని నిలబడితే దగ్గరికి రాలేదు. రోప్ వాక్ ఆ రోజు మూసి ఉంది. రెండు ముప్పావుకి బయల్దేరి ఎనిమిదిన్నరకి పెరంబూర్ చేరాం. తిరువళ్లూరులో గంట ట్రాఫిక్.

ఇకపై వెళ్లేవాళ్లకి ఒక్క మాట. ఆడవాళ్లకి బట్టలు మార్చుకోవడానికి జలపాతం దగ్గర సరైన చోటు కనపడలేదు. నైటీ లాంటిది ఒకటి పై నుంచి తొడుక్కునేలా తీసుకెళ్లండి, లేదా గుడి దగ్గరికి వచ్చాక మార్చుకోండి.

ఆవడి పక్షిప్రేమి

బెట్టుడుత కనపడిందా?

పెరంబూర్ పద్మ

కనపడింది! మామగారే చూపించారు. గుడి వెనక పెద్ద చెట్టు మీద, తోక కిందికి వేలాడేసి ఏదో కాయ కొరుకుతోంది. పిల్లలు జలపాతం కంటే దాని గురించే ఎక్కువ చెప్పుకుంటున్నారు.

కొళత్తూరు కల్యాణి

ఈ థ్రెడ్ మొత్తం చదివాను, చాలా ఉపయోగపడింది. మేం సంక్రాంతి సెలవుల్లో వెళ్దామనుకుంటున్నాం. కనుమ రోజు బాగుంటుందా?

భాకరాపేట బిడ్డ

కనుమ రోజు వద్దక్కా, చుట్టుపక్కల ఊళ్లన్నీ ఆ రోజు తలకోనకే వస్తాయి, కారు పెట్టడానికి చోటు దొరకదు. పండగ అయిపోయాక వచ్చే వారం పనిదినాల్లో, మంగళ, బుధ, గురువారాల్లో ఒక రోజు సెలవు పెట్టుకుని పోండి. అప్పటికి నీళ్లు ఉంటాయి, జనం ఉండరు. శనాదివారాలు తప్ప కుదరదంటే శనివారమే మేలు, పొద్దున ఎనిమిదిన్నరకే గేటు దగ్గరుండేలా చూసుకోండి. పొద్దున చానా చలిగా ఉంటుంది, పిల్లలకి స్వెటరు మర్చిపోవద్దు.